గ్యాసు గ్రిల్లు, బొగ్గు కుంపటి, మధ్యలో ఒక ఇనుప రేకు

సింగపూర్‌లో ఇంటి ముందు కోడి కాల్చుకున్న ప్రతి తెలుగువాడికీ మొదటి నిప్పు అందించింది నేనే. ఈ మాట చాలా చోట్ల చెప్పాను, చెప్పిన ప్రతిచోటా కాస్త పెంచాను. ఇప్పుడు రిటైరై, సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకు కింద బెంచీ మీద కూర్చుని నిదానంగా ఆలోచిస్తే అలాంటివాళ్లు ఓ ముప్పై మంది తేలారు. అందులో కొందరు తమిళులు. ఒకాయన మలయాళీ. నాతో తెలుగు మాట్లాడడానికి పాపం ప్రయత్నించాడు కాబట్టి ఆయన్నీ కలుపుకున్నాను.

పొయ్యిలు, గ్రిల్లులు అమ్మే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఈమధ్య నన్ను సలహా అడుగుతున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. ఎప్పుడు ఎవరికి సీనియర్‌నయ్యాను, జీతం ఎంత పెరిగింది అనేవి రాయను. పెద్దగా పెరగలేదు కూడా. ఆ పని నిజంగా ఏమిటో మాత్రం రాస్తాను.

కొట్టు, టౌకే

మా కొట్టు తంజోంగ్ పగార్‌లో, పాత దుకాణాల వరసలో ఉండేది. యజమానిని అందరూ టౌకే అనేవాళ్లం. ఇక్కడ చైనీస్ యజమానులను అలాగే అంటారు. బక్కపల్చటి మనిషి, తెల్ల బనియను, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. నేను తుని దగ్గర నుంచి వచ్చి కొన్నాళ్లు షిప్‌యార్డులో వెల్డింగ్ చేసి, కళ్లు మండి, ఆయన కొట్టులో చేరాను. గ్యాసు సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, వంటింటి స్టవ్వులు, బొగ్గు బస్తాలు, సాతే అని ఇక్కడ పుల్లలకు గుచ్చి అమ్మే మాంసం కాల్చే పొడవాటి ఇనుప తొట్లు, అన్నీ అమ్మేవాళ్లం.

మొదటి నెలలోనే నేను కస్టమర్లకు మంట రంగు గురించి ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టాను. నీలం మంట అంటే ఏమిటి, పసుపు మంట ఎందుకు వస్తుంది, ఇలా. ఒకరోజు టౌకే నా వెనక నిలబడి అంతా విన్నాడు. కస్టమరు ఏమీ కొనకుండా వెళ్లిపోయాక, "రమణా, నువ్వు ఫైర్ అమ్ముతున్నావా, మకాన్ అమ్ముతున్నావా?" అన్నాడు. మకాన్ అంటే తిండి.

"స్టవ్ అమ్ముతున్నాను టౌకే."

"స్టవ్ ఎవడు తింటాడు లా?" అన్నాడు, ఈ ఊరివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో. " ఇంట్లో ఎవరెవరు తింటారో అడుగు ముందు. తర్వాత మాట్లాడు."

నాకు అర్థమైందని తల ఊపాను. నిజానికి అర్థం కాలేదు. దాదాపు పదిహేనేళ్లు పట్టింది. అది చెప్పడానికే ఇదంతా.

కంప్యూటర్ వాళ్లు వచ్చారు

తొంభైల చివర్లో మనవాళ్లు విమానాల నిండా దిగారు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం భయపడుతుంటే, ఆ భయాన్ని పోగొట్టడానికి వచ్చిన పిల్లలు వీళ్లు. ఆఫీసు నుంచి టై తియ్యకుండా మా కొట్టుకు వచ్చేవారు. కుర్చీలు కొనకముందు గ్రిల్ కొన్నవాళ్లను నేను చూశాను. పరుపు నేల మీద, టీవీ అట్టపెట్టె మీద, గ్రిల్ మాత్రం బాల్కనీలో మెరుస్తూ ఉండేది. ఫ్లాట్ల వరండాలో బొగ్గు వెలిగించకూడదని చెప్పి కొందరిని నేనే వెనక్కి పంపాను. కొందరిని అన్నాను కదా, ఇద్దరిని. మిగతావాళ్లకు టౌకే చెప్పాడు.

అందరి ప్రశ్న ఒక్కటే. "అంకుల్, గ్యాసు చవకా, బొగ్గు చవకా?"

దీనికి నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉండేది. ఇప్పటికీ అది తప్పు కాదు, కాబట్టి రాస్తున్నాను. గ్యాసు గ్రిల్ కొనేటప్పుడు ఖరీదు, కాల్చేటప్పుడు చవక. బొగ్గు పొయ్యి కొనేటప్పుడు చవక, కాల్చిన ప్రతిసారీ ఖరీదు. మంచి గ్యాసు గ్రిల్ ఒకటి కొనే డబ్బుతో బొగ్గు పొయ్యిలు ఓ పాతిక వస్తాయి. కానీ ఒక సిలిండరు ఎన్నో వారాంతాలు వస్తుంది, బొగ్గు బస్తా రెండుసార్లకు ఖాళీ. అంటే తరచుగా కాల్చేవాడికి గ్యాసు, ఎప్పుడో ఒకసారి కాల్చేవాడికి బొగ్గు. చిన్న లెక్క.

ఆ చిన్న లెక్కలో చాలామంది కలపనివి ఉంటాయి. గ్యాసుకు గొట్టం, రెగ్యులేటరు, వాటిని కొన్నాళ్లకోసారి మార్చడం. ఈ ఊరి వానకు బర్నర్లు తుప్పు పడతాయి, కప్పే గుడ్డ కొనాలి. సబ్బునీళ్లు పూసి గొట్టం లీకవుతోందో లేదో చూడడానికి ఖర్చు లేదు, అయినా ఎవరూ చెయ్యరు. బొగ్గుకు అంటించే మైనపు బిళ్లలు, విసరడానికి ఒక మనిషి, బూడిద ఎత్తడానికి మరో మనిషి. ఆ రెండో మనిషి ఎప్పుడూ ఆ ఇంటి ఇల్లాలే. ఆ ఖర్చు ఎవరి లెక్కలోనూ రాలేదు.

ఇంకో నిజం చెబుతాను. గ్రిల్ కొన్నవాళ్లలో ఎక్కువమంది మొదటి సరదా తీరాక దాన్ని మళ్లీ ముట్టలేదు. సర్వీసింగుకని వెళ్తే ఒక ఇంట్లో దాని పక్క బల్ల మీద తులసి కుండీ ఉంది. ఇంకో ఇంట్లో లోపల పిల్లల బూట్లు ఉన్నాయి. వాళ్లకు ఏది చవక అంటే, ఏదీ కొనకపోవడం. ఈ సలహా కొట్టులో నిలబడి ఇవ్వలేం. రిటైరయ్యాక ఇవ్వొచ్చు.

ఆరింటికి రమ్మంటే

నా లెక్కకు మొదటి దెబ్బ మన పిలుపుల వల్ల తగిలింది.

హైదరాబాద్ కుర్రాడొకడు వాళ్ల కాండోలో, అంటే అపార్ట్‌మెంట్ల సముదాయంలో, అందరికీ ఉమ్మడిగా ఉండే బార్బెక్యూ పొయ్యి బుక్ చేసుకున్నాడు. నా దగ్గరే బొగ్గు కొన్నాడు. ఎంత కావాలో లెక్కకట్టి ఇచ్చింది నేనే. మాంసం ఎంత, మనుషులు ఎందరు, మంట ఎంతసేపు, అన్నీ అడిగాను. సోమవారం ముఖం ముడుచుకుని వచ్చాడు.

"అంకుల్, మీ బొగ్గు మంచిది కాదు. కోడి కాలేలోపు చల్లారిపోయింది."

"ఎన్నింటికి అంటించావు బాబూ?"

"ఆరింటికి. అందరినీ ఆరింటికే రమ్మన్నా."

"వచ్చారా?"

"ఎనిమిదిన్నరకు వచ్చిన్రు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అతనూ కాసేపటికి నవ్వాడు. ఎర్రగా, అందంగా, కణకణమండే బొగ్గు ముందు అతనూ అతని భార్యా రెండున్నర గంటలు కూర్చుని రోడ్డు వైపు చూశారట. జనం వచ్చేసరికి బూడిద మిగిలింది. సగం కాలిన కోడిని పైకి తీసుకెళ్లి పెనం మీద వేయించారు.

బొగ్గుకు ఎదురుచూడడం తెలియదు. గ్యాసుకు తెలుసు, నాబ్ తిప్పితే ఆగుతుంది. ఆ రోజు నుంచి మనవాళ్లు ఎవరు వచ్చినా, ఆలోచించకుండా గ్యాసే అమ్మాను. "మన చుట్టాల టైముకు గ్యాసే చవక" అని ఒక ముక్క కూడా తయారుచేసుకున్నాను. అది బాగా పేలేది. టౌకేకు అనువాదం చేసి చెబితే, చైనీస్ వాళ్లకు కూడా అది పనికొస్తుందన్నాడు.

బాగా పేలే ముక్క దొరికిన తర్వాత సేల్స్‌మన్ చెవులు మూతపడతాయి. నావీ పడ్డాయి.

ప్రసాద్, సుధ

ఒక ఆదివారం భార్యాభర్తలు వచ్చారు. ప్రసాద్‌ది భీమవరం వైపు. రొయ్య, చేప, కోడి లేకుండా ముద్ద దిగని ఇల్లు. సుధది తెనాలి. మడి కట్టుకుని వండే ఇల్లు, ఉల్లిపాయ కూడా కొన్ని రోజుల్లో నిషేధం. ఇద్దరూ ఒకే ఆఫీసులో కలిసి, వాళ్లంతట వాళ్లే పెళ్లి చేసుకుని, హౌగాంగ్‌లో ముందు చిన్న సిమెంటు గచ్చు ఉన్న ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నారు. అక్కడ గ్రిల్ పెట్టుకోవడానికి అడ్డు చెప్పేవాళ్లు లేరు.

"శనివారం మా టీమ్ మొత్తాన్ని పిలిచానండి," అన్నాడు ప్రసాద్. "మా మేనేజరు కూడా వస్తాడు. పెద్దదే చూపించండి. లెక్క మీరే చెప్పండి, గ్యాసా, బొగ్గా?"

నేను నా ముక్క వదిలాను. అతను పగలబడి నవ్వి, నాలుగు బర్నర్ల గ్రిల్ చుట్టూ తిరుగుతూ మూత ఎత్తడం, దించడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడులో సుధ నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ఇందులో సగం శాకాహారానికి వేరుగా ఉంచొచ్చా?"

"నాలుగు బర్నర్లున్నాయి కదమ్మా. రెండు మీకు, రెండు వాళ్లకు."

"మాకు కాదు. మా అమ్మకు." ఆమె ఒకసారి భర్త వైపు చూసి, గొంతు తగ్గించింది. "నెల రోజులుగా సెంగ్‌కాంగ్‌లో మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో ఉంది. మా ఇంటికి రాలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే, నా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆదివారం ఫ్లైటు. నిన్న ఫోన్ చేసి, శనివారం సాయంత్రం వచ్చి ఇల్లు చూసి వెళ్తానంది."

"శనివారమే మీ పార్టీ కదమ్మా."

"అదే కదా. మా వంటింటి పొయ్యి మీద ఏది వండినా తినదు, అందులో కోడి వండుతామని తెలుసు. ఇది కొత్తది కదంకుల్. ఒక సగం ఎవరూ ముట్టకుండా ఉంచితే, అందులో కాల్చిన వంకాయైనా తింటుందేమోనని."

నేను ఆమెకు మంచివాణ్ణనిపించుకోవాలనుకున్నాను. "మధ్యలో ఇనుప గోడ పెట్టి ఇస్తానమ్మా," అన్నాను. "మన భారతీయుల కోసమే ప్రత్యేకంగా వస్తుంది. మీ అమ్మగారు తిని వెళ్తారు, నాది పూచీ."

అలాంటి గోడ ప్రపంచంలో ఎక్కడా రాదు. ఆ వారమంతా కూర్చుని నా చేతులతో నేనే తయారుచేశాను. నా చేతులతో అంటే, షిప్‌యార్డులో నా పాత స్నేహితుడొకడు రేకు కోసి అతికించాడు. నేను పక్కన నిలబడి కాస్త ఎడమకు, కాస్త కుడికి అన్నాను.

రేకు శుక్రవారానికి గానీ పూర్తికాలేదు. అందుకని శనివారం సాయంత్రం ఐదింటికి వ్యాన్‌లో గ్రిల్ వేసుకుని హౌగాంగ్ వెళ్లాను. అదే వ్యాన్‌లో అక్కడికి దగ్గర్లో సాతే అమ్మే ఒక మలయ్ ఆవిడ ఆర్డరు కూడా ఉంది. రెండు మట్టి కుంపట్లు, ఒక బస్తా బొగ్గు.

కామేశ్వరమ్మగారు మూత చూశారు

గ్రిల్ బిగించి, గొట్టానికి సబ్బునీళ్లు పూసి చూసి, రేకు మధ్యలో దించాను. బ్రహ్మాండంగా కూర్చుంది. కుడి సగం సుధ కడిగి, తుడిచి, దాని మీద ఒక పసుపు బొట్టు కూడా పెట్టి, రెండు వంకాయలు ఉంచింది. ఎడమ సగంలో ప్రసాద్ రుచి చూడడానికని నాలుగు కోడి ముక్కలు వేశాడు. వాటి వాసన గేటు దాకా పాకింది. సరిగ్గా అప్పుడే టాక్సీ ఆగింది.

సుధ పెద్దమ్మ కొడుకు వెనక సీటు తలుపు తీసి, "పిన్నీ, ఎనిమిదింటికి వస్తా," అని చెప్పి అదే టాక్సీలో వెళ్లిపోయాడు. నేత చీర, చేతిలో గుడ్డ సంచి, సుధ వాళ్లమ్మ కామేశ్వరమ్మగారు గేటు దగ్గర ఒక్క క్షణం ఆగారు.

"రండి అత్తయ్యగారూ," అన్నాడు ప్రసాద్, చేతిలోని పట్టకారు వెనక దాచుకుంటూ.

ఆమె కూతురి వైపు చూసి, "ఆ అబ్బాయిని పని చూసుకోమను, మాడిపోతాయి," అన్నారు. కోపంగా కాదు. బస్సులో పక్క సీటువాళ్లతో మాట్లాడినట్టు అన్నారు.

ఇల్లంతా చూశారు. కిటికీలు బాగున్నాయన్నారు. వంటింట్లోకి మాత్రం గుమ్మం దాకానే వెళ్లారు. మళ్లీ గచ్చు మీదికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. సుధ గ్రిల్ చూపించి, కుడి సగం తన కోసమేనని, మధ్యలో గోడ ఉందని, ఒక పక్కది ఇంకో పక్కకు తగలదని చెప్పింది. ఆ చెప్పడంలో నెల రోజుల ఎదురుచూపంతా ఉంది. నేనూ ముందుకొచ్చి, గోడను వేలితో కొట్టి, "ఒక్క చుక్క కూడా దాటదమ్మా," అన్నాను.

ఆమె లేచి వచ్చి గోడను చూశారు. చాలాసేపు చూశారు. అంతలో గాలి వచ్చి మంట అటూ ఇటూ ఊగింది. ప్రసాద్ అలవాటుగా మూత దించాడు. మూతకున్న సందులోంచి పొగ, రెండు పక్కల నుంచీ, ఒకటే పొగగా బయటికొచ్చింది.

"మూత ఒకటే కదా నాయనా," అన్నారు కామేశ్వరమ్మగారు నాతో.

నాబ్‌లు ఎన్ని, బర్నర్లు ఎన్ని, గంటకు గ్యాసు ఎంత, అన్నీ చూసుకున్నవాణ్ణి మూత చూసుకోలేదు. మూత వేస్తేనే ఆ యంత్రం పనిచేస్తుంది. మూత వేస్తే అది రెండు పొయ్యిలు కాదు, ఒకే పొయ్యి.

"పోనీలే సుధా," అన్నారామె. "అరటిపండు ఉంటే ఇవ్వు, అది తింటా. నీకెందుకు శ్రమ."

సుధ పండు తెచ్చి తల్లి చేతికిచ్చి, గ్రిల్ కుడి సగం మీద ఉన్న రెండు వంకాయలను తీసి పళ్లెంలో పెట్టింది. ప్రసాద్ నా వైపు చూశాడు. అన్నేళ్లలో కస్టమర్లు నా వైపు చాలా రకాలుగా చూశారు. బాగుచెయ్యి అని అడిగినట్టు చూసింది మాత్రం అతనొక్కడే.

వ్యాన్‌లో ఉన్నది

తర్వాత జరిగింది నా తెలివి అని చాలాకాలం చెప్పుకున్నాను. తెలివి కాదు. అక్కడ నిలబడలేక, పని ఉన్నట్టు నటిస్తూ వ్యాన్ దగ్గరికి వెళ్లాను. వెనక తలుపు తీశాను. ఎదురుగా ఆ మట్టి కుంపట్లు కనపడ్డాయి.

ఒకటి ఎత్తుకుని గచ్చు మీదికి తెచ్చాను. కామేశ్వరమ్మగారు సగం తిన్న అరటిపండు పక్కన పెట్టారు.

"ఇది కుంపటి కదూ. ఇక్కడ కూడా ఉంటాయా?"

"ఉంటాయమ్మా. సాతే కాల్చేవాళ్లు వాడతారు."

"అంటే దీని మీద..."

"లేదమ్మా, ఇది వాడింది కాదు. కొత్తది. చుట్టిన గడ్డి కూడా విప్పలేదు చూడండి."

ఆమె కుంపటి లోపల చెయ్యి పెట్టి చూసుకున్నారు. వేళ్లకు మసి అంటలేదు. తర్వాత గాలి ఎటు వీస్తోందో చూసి, గేటు పక్కన, గ్రిల్‌కు బాగా దూరంగా ఒక మూల చూపించి, "అక్కడ పెట్టు," అన్నారు.

నేను మైనపు బిళ్లల పెట్టె తీశాను. వాసన చూసి మూతి తిప్పారు. "కిరసనాయిలు వాసన నాయనా ఇది. సుధా, ఇంట్లో కర్పూరం ఉందా?"

"ఉందమ్మా."

"ఉందా," అన్నారు. ఆ ఇంట్లో దేవుడి దగ్గర కర్పూరం ఉంటుందని ఆమె అనుకోలేదని నాకు అనిపించింది.

కర్పూరంతో బొగ్గు అంటించడం ఎంత ఖర్చో మీకు తెలుసా? ఈ ఊళ్లో చిన్న డబ్బా ధరకు మైనపు బిళ్లలు నెలంతా వస్తాయి. అప్పుడు కూడా అమ్మకందారు బుర్రతో లెక్క వేయబోయి, ఆపేశాను. ఆమె చీర చెంగు దోపుకుని, కుంపటి ముందు వంగి, బొగ్గులు ఒక్కొక్కటీ పేర్చి, మధ్యలో కర్పూరం పెట్టి వెలిగించారు. విసనకర్ర లేదు. ప్రసాద్ లోపలికి పరిగెత్తి, ఆఫీసులో ఇచ్చిన మౌస్ ప్యాడ్ తెచ్చి సుధ చేతిలో పెట్టాడు. దాని మీద కంప్యూటరు బొమ్మ ఉంది. కామేశ్వరమ్మగారు దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "దేనికిది?" అన్నారు.

"ఎలక కింద పెట్టుకునేదమ్మా," అంది సుధ.

"మీ ఉద్యోగాలు ఏమిటో నాకు ఈ జన్మకు అర్థం కావే," అంటూ దానితోనే విసరడం మొదలుపెట్టారు.

అప్పుడు గ్రిల్ దగ్గర చిన్న చప్పుడైంది. ప్రసాద్ నాబ్‌లు ఒక్కొక్కటే తిప్పి ఆపేస్తున్నాడు. కోడి ముక్కలు ఇంకా కాలలేదు. వాటిని గిన్నెలోకి తీసి, మూతపెట్టి, లోపలికి తీసుకెళ్లి, చేతులు కడుక్కుని వచ్చాడు. అతన్ని ఎవరూ అడగలేదు. కామేశ్వరమ్మగారు తల ఎత్తలేదు గానీ, విసిరే చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. గ్యాసు మేలు ఏమిటంటే, ఆపాలనుకున్నప్పుడు ఆపొచ్చు. బొగ్గు మేలు ఏమిటంటే, ఇంకో కుంపటి కొనడం తేలిక. మన ఇళ్లలో రెండు నిప్పులు కావాలి. గ్యాసుతో రెండు నిప్పులంటే ఖరీదు రెండింతలు. బొగ్గుతో రెండో నిప్పుకు ఒక మట్టి కుంపటి చాలు. నేను అన్నేళ్లూ ఒక నిప్పుకే ధర కడుతూ వచ్చాను. ఇంట్లో ఎవరెవరు తింటారో అడగమని టౌకే మొదటి నెలలోనే చెప్పాడు. నేను ఎంతమంది తింటారో మాత్రం అడిగాను.

వంకాయ, తర్వాత

సుధ ఇంట్లోంచి వేరే వంకాయలు కడిగి తెచ్చింది, అవి కుంపటి మీద పడ్డాయి. నల్లగా కాలి, పగిలి, బుసబుసమన్నాయి. కామేశ్వరమ్మగారు వాటిని కూతురి పళ్లెంలోకి తోసి, "తొక్క తియ్యి," అన్నారు.

సుధ వేళ్లు కాలి, ఊదుకుంటూ, నీళ్ల గ్లాసు కోసం చూసింది.

"నీళ్లలో ముంచకు. చిన్నప్పుడూ ఇంతే, నీళ్లలో ముంచి రుచంతా పోగొట్టేదానివి."

"చెయ్యి కాలుతోందమ్మా."

"కాలనీ. ఓర్చుకోవడం రాకపోతే ఇంత దూరం ఎలా వచ్చావే?"

సుధ నవ్విందో ఏడ్చిందో పొగలో తెలియలేదు. పొగ నా కళ్లలోకి కూడా వచ్చింది. పొగే అని ఇప్పటికీ చెబుతాను.

పచ్చిమిర్చి కాల్చి, చింతపండు పిసికి, ఉప్పు వేసి సుధ పచ్చడి కలిపింది. నేను ఇక అయిపోయిందనుకున్నాను. కాల్చిన వంకాయ ఆమె తింటే పెద్ద విజయమే. కానీ పండు లాగే అదీ ఫలహారం కిందికే వస్తుంది. ఒక ఇంట్లో భోంచేశాం అనడానికి అన్నం తినాలి. మనవాళ్లందరికీ అది తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఆమె పచ్చడి వేలితో తీసి నాలుక మీద వేసుకున్నారు. ఉప్పు చాలలేదన్నారు. తర్వాత కుంపటిలోకి చూశారు. బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"బియ్యం ఉన్నాయా?" అన్నారు.

సుధ కదల్లేదు. "ఏమ్మా?"

"బియ్యమే. ఈ ఊళ్లో దొరకవా?"

సుధ లోపలికి వెళ్లింది. పరిగెత్తింది అనాలి. ఒక కొత్త స్టీలు గిన్నెతో వచ్చింది, అంచు మీద కొట్టు స్టిక్కరు ఇంకా ఉంది. తల్లి వచ్చినప్పుడు వాడడానికని ఎప్పుడో కొని దాచిందట. గిన్నె తల్లి ముందు పెట్టింది. మడి పాటించేవాళ్లు తామే స్వయంగా వండుకుంటే ఏ ఇంట్లోనైనా తినొచ్చు, దానికి అభ్యంతరం ఉండదు. అదీ ఒక దారే.

కామేశ్వరమ్మగారు గిన్నె వైపు చూసి, కుర్చీలో వెనక్కి వాలారు.

"నువ్వే ఎసరు పెట్టు. నాకు నడుము వంగట్లేదు."

అంతకుముందు అరగంట నుంచి ఆ నడుము వంగే ఉంది. కర్పూరం పెట్టింది, బొగ్గు పేర్చింది, మౌస్ ప్యాడ్‌తో విసిరింది. ఆ సంగతి ముగ్గురం చూశాం.

సుధ బియ్యం కడిగి, ఎసరు పెట్టి, తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ప్రసాద్ గ్రిల్ దగ్గరే నిలబడి ఉన్నాడు, ఆరిపోయిన యంత్రానికి కాపలా కాస్తున్నట్టు. కాసేపటికి ఆమె, "ఆ అబ్బాయి ఎంతసేపని ఆ పెట్టె ముందు నిలబడతాడే? వచ్చి కూర్చోమను. నెయ్యి ఉందేమో చూడమను," అన్నారు.

"ఉందండి," అన్నాడు ప్రసాద్ దూరం నుంచే.

"ఉంటే తీసుకురా మరి," అన్నారామె, ఈసారి అతని వైపు చూసి.

నేను మలయ్ ఆవిడకు ఒక్క కుంపటే ఇవ్వగలిగాను. రెండోది విరిగిందని చెప్పాను. ఆమె నమ్మలేదు, తిట్టింది, మర్నాడు ఇంకోటి తీసుకెళ్లి ఇచ్చాను. ప్రసాద్ ఆరింటికి రమ్మన్న టీమ్ ఎనిమిదింటికి గానీ రాలేదు. ఎప్పటిలాగే. ఆ రోజు మాత్రం ఆలస్యంగా వచ్చినందుకు వాళ్లకు నేను లోపల్లోపల దండం పెట్టుకున్నాను.

కానీ అవన్నీ తర్వాత. అప్పుడు ఆరున్నర దాటింది. వెలుతురు ఇంకా ఉంది. సుధ అన్నం గిన్నె దించి, తల్లి పళ్లెంలో రెండు గరిటెలు పెట్టింది. పచ్చడి వేసింది, ప్రసాద్ తెచ్చిన నెయ్యి వేసింది. కామేశ్వరమ్మగారు కలుపుకుని తిన్నారు. సుధ మళ్లీ గరిటె ముంచి, పళ్లెం దగ్గరికి తెచ్చి, ఆగింది. వద్దంటుందేమోనని తల్లి చేతి వైపు చూసింది.

ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు.